పోలమ్మత్త కేక

జాలారిపేటలో మేడ కింద గది.
గొంతు బైటికి పోకూడదని
పాత వలలు మడతలేసి గోడలకి కొట్టాం.
పోయింది.

అసిరిగాడు మూడో చరణం అందుకున్నాడో లేదో
పైనుంచి పోలమ్మత్త:
"ఏట్రా గుంటల్లారా ఆ గోల!
తెల్లారితే ఏటకెల్లాలి మీ మావ,
కాసేపు తొంగోనీండ్రా!"

మళ్ళీ రికార్డు చేద్దామంటే కరెంటు పోయింది.
అలాగే వదిలేశాం
బీటు మీద ఆవిడ తిట్టు,
దాని వెనకాల హార్బరులో ఏదో ఓడ కూత.

మెమరీ కార్డుల్లో కంచరపాలెం దాటింది,
షేర్ ఆటోల్లో సీటు కింద డబ్బా స్పీకరెక్కి
గాజువాక చేరింది.
అసిరిగాడి మాటలు సగం మందికి రావు.
ఆవిడవి అందరికీ వచ్చు.

నిన్న రాత్రి బీచిలో
మురీ మిక్చర్ పొట్లాలతో ఆరొందల మంది.
వాడు మైకు గుంపువైపు తిప్పాడు.
ఆరొందల గొంతులు ఒక్కసారే తిట్టాయి మమ్మల్ని,
"ఏటకెల్లాలి" దగ్గర ఆ సాగదీతతో సహా.
ఓడ కూత కూడా ఎవరో నోటితో ఊదారు.

ఆవిడ పోయి నాలుగేళ్ళు.
స్పీకరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో
ఎర్రన్న మావ
ఇసకలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు:
"ఆయేళ నాను తొంగోలేదే.
ఇంటన్నాను."