సగం మరతో, సగం చేత్తో

మొదటి వారం గింజ నాకు నిలవలేదు.
మైక్రోస్కోపు కింది గుండ్రటి బల్లను తిప్పితే చాలు,
నిలువుగీతా అడ్డగీతా కలిసే చోటు వదిలేసి
గానుగెద్దులా చుట్టూ నడిచి
అంచు దాటి పోయేది.

ఎర్రగుంట్ల నల్లబండలో ఇరుక్కున్న
పలుగురాయి గింజ అది.
గాజు పలకకు అతికించి
మాబుహుసేను అరగదీసిన ముక్క.
మిల్లీమీటరును నూరు చేస్తే
అందులో మూడు పాళ్ల మందం.
అంత పలచనైతే
కడప బండ కూడా వెలుగును ఆపలేదు.

"బల్లను తిట్టద్దు పాపా,"
తలుపు దగ్గర నిలబడే చెప్పినాడు.
"గింజను నడిమికి పెట్టు. సగం చుట్టు తిప్పు.
యాడికి పోయిందో చూడు.
ఆ దూరంలో సగం మరతో లాగు,
మిగతా సగం చేత్తో జరుపు.
అంతా మరే చేస్తాదంటే రాదు,
అంతా చెయ్యే చేస్తాదన్నా రాదు."

మరో మూడుసార్లు తప్పింది.
నాలుగోసారి
గింజ ఉన్న చోటనే తిరిగింది.
ఒక చుట్టుకు నాలుగుసార్లు ఆరిపోయి
నాలుగుసార్లు వెలిగింది.
"ఆరిందా?" అని అడుగుతానే ఉన్నాడు,
చూడకుండానే, సరిగ్గా ఆరినప్పుడే.

శనివారం మోచంపేట చౌక దుకాణం.
వరసలో ఆయన వెనక ముగ్గురు, తర్వాత నేను.
డీలరు పెంచలయ్య ఆయన బొటనవేలు పట్టుకొని
చిన్న గాజు మీద పెట్టినాడు.
కొంచెం ఎడమకు తిప్పు. కొంచెం కిందికి.
నొక్కు. అంత నొక్కద్దు.
తుడిచి పెట్టు. ఇంకో వేలు.
ఎర్రలైటు.
ఇంకో వేలు.
పది వేళ్లూ అయిపోయినాయి.
కంటిపాప చూసే మిషను
రిపేరుకని ప్రొద్దుటూరు పోయిందంట.

పాలిషు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేండ్లు,
మా కాలేజీలో ఇరవై రెండేండ్లు,
తడి కార్బోరండం పొడిలో
రాయిని ఎంత అరగదీసినాడో
వేలినీ అంతే అరగదీసినాడు.
రాయి మందమే రిజిస్టరులో రాసినాం మేము.

ఆ పెట్టెకు మరలు లేవు.
అది సగం దూరం కూడా జరగదు,
మొత్తం వేలే నడిచి పోవల్ల.

ఎవరో వెనక నుంచి "తొందరగా" అన్నారు.
నేనేమీ అనలేదు.
నా వేలు మొదటిసారికే పలికింది,
నాలుగు కేజీల బియ్యానికి
సిగ్గుపడడం అప్పుడే తెలిసింది.
ఆయన ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి
చంకలో పెట్టుకొని పోయినాడు.

సోమవారం కొత్త పలక తెచ్చి బల్ల మీద పెట్టినాడు.
శనివారం మాట నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు.
పలక తీసుకొని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసినా.
నేను పట్టుకున్న మూల
గీతలు గీతలుగా నా బొటనవేలు.
ఆయన పట్టుకున్న మూల
ఉత్త గాజు.

"నీ ముద్ర తుడుచుకో పాపా,"
జేబులోంచి గుడ్డ తీసిచ్చినాడు,
"బొమ్మ మసకేస్తాది."