ఛాతీ ఎత్తున

ఒక మీటరు ముప్ఫై ఏడు సెంటీమీటర్లు.
నేల నుంచి అంత ఎత్తున టేపు చుట్టాలి.
రూలు పుస్తకం దాన్ని ఛాతీ ఎత్తు అంటుంది.
"ఎవులి ఛాతీ?" అంది జన్ని కోసమ్మ.
వన సమితి తరఫున నాకు తోడొచ్చిన మనిషి,
నా భుజం దాకా రాదు.
"నా గుండెకాడ కొలిస్తే మద్ది ఇంకొంచెం లావుంటాది గదమ్మా,
నీ కాయితానికి లాబమే."

నవ్వి రాసుకున్నాను: నల్లమద్ది, నూట పన్నెండు.

మెంటాడ దాటి, ఆండ్ర నీళ్లు వెనక్కి జారాక
కొండ ఎడమ రెక్క మీద
తాళ్లు కట్టి గీసిన చదరంలో
మధ్యాహ్నానికి నలభై ఏడు చెట్లు.
చుట్టుకొలత నుంచి బరువు.
ఎండు బరువులో ఇంచుమించు సగం కర్బనం.
ఆ సగం ఎన్నేళ్లు గాలిలోకి తిరిగిపోకుండా ఉంటుందో
పైఆఫీసుకు కావాలి, నెలాఖరులోగా.

కోసమ్మకు కావలసింది వేరు.
"పొగని సెట్టులో దాసీసి
సెట్టుని కాయితంలో దాసీసి
మరి కాయితాన్నెక్కడ దాస్తారు?"

పై వాలులో నీలగిరులు.
ఎవరో కాదు, మా శాఖే వేసింది,
నేను ఉద్యోగానికి రాకముందు
తుమికినీ ఇప్పనీ నరికించి వరసలు తీసింది.
పట్టికలో వాటికి మంచి మార్కులే, తొందరగా లావెక్కుతాయి.
కింద గడ్డి లేదు. పిట్ట లేదు.
బోదె వారగా తడి ఆరిన రాళ్లు.
"ఇక్కడ ఊట ఉండీది.
నా రెండో గుంట పుట్టిన యేడు ఎండిపోనాది."
ఊటకి నా పట్టికలో గడి లేదు.
అంచున, చిన్నక్షరాలతో, రాశాను.
టైపు చేసేవాడు అంచులు చదవడు.

మార్చిలో మంటగీతలు ఊడ్చింది వీళ్లే,
ఆరుగురు ఆడవాళ్లు, అడ్డకొమ్మల చీపుళ్లతో,
కొండ చుట్టూ పాపిడి తీసినట్టు.
అవతల కొండ ఒక్క రాత్రిలో కాలింది.
పదేళ్ల లెక్క, పొద్దుటికి బూడిద.
ఇవతల ఆగింది.
ఆగిన మంటకి టన్నులు ఎలా కట్టాలో
ఎవరూ నేర్పలేదు నాకు.
ఊడ్చిన కూలి ఇంకా రాలేదు.

దిగేసరికి కొండ మొదట్లో
భూగర్భ శాఖ జీపు, బోరు మిషను,
అరటిబోదెల్లా వరసగా పరిచిన రాతి కడ్డీలు.
పొట్నూరు హేమసుందర్ మూడు వారాలుగా
పొగని రాతిలోకి దించొచ్చేమో చూస్తున్నాడు.
"నల్లరాతి నేలలుంటాయి, మేడం, అవి తాగుతాయి,
తాగి లోపలే గడ్డకట్టిస్తాయి.
దీనికి దాహం లేదు."
రిపోర్టులో పనికిరాదని రాశాడట.
రాసినందుకు కాస్త దిగులుగానే ఉన్నాడు.

ఆ దిగులులోనే సుత్తితో ఒక ముక్క పగలగొట్టాడు.
తుప్పు రంగు రాయి, మధ్యలో
చేప పొలుసుల్లా మెరిసే బూడిదరంగు.
"గ్రాఫైటు. ఒకప్పటి సముద్రపు బురద ఇది,
అందులో చచ్చిన ఏవో నాచులు.
నూరుకోట్ల ఏళ్లో, ఎక్కువో.
అప్పటినుంచి కదల్లేదు."

చెవి మీదున్న పెన్సిలు తీసి చూశాను.
పొద్దుట్నుంచీ చెట్ల కర్బనాన్ని
ఏ కర్బనంతో రాస్తున్నానో
అప్పటిదాకా తోచనే లేదు.
మొన విరిగి ఉంది. చెక్కుకోవాలి.

కోసమ్మ రాతిని బొటనవేలితో రుద్దింది.
వేలు నున్నగా నల్లబడింది.
"పనికిరాదన్నావు, ఇదిగో అంటుకుంటన్నాది."

మస్టరు తీశాను. ఈ రోజు కూలి.
ఇంకు ప్యాడు ఎండకి పెంకులా ఉంది.
ఉమ్మి వేసి చూశాను, లాభం లేదు.
ఆమె అడగలేదు.
తన పేరు ఎదురుగా ఉన్న గడిలో
ఆ వేలినే ఒత్తింది, కాసేపు అలాగే ఉంచి.

గీతలన్నీ పడ్డాయి, చెట్టు కోసినప్పటి వలయాల్లా.
ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో తెలీదు.
తుడుచుకుపోకుండా
పై కాగితం మెల్లగా మూశాను.