పునాది బోల్టులు

చిత్తూరు రిజిస్ట్రాఫీసు రేకుల పంచలో
హనీఫ్ సాహెబు కలం ఆగింది.
"ఫిట్టరూ, నువ్వు చెప్పు.
మిషన్లు చరాస్తా, స్థిరాస్తా?"

ముప్పై ఏండ్లుగా గ్రీజు చేతుల్తో బతికినోణ్ణి.
టన్ను బరువు ఎత్తినా గానీ
ఆ రెండు మాటలు ఎప్పుడూ ఎత్తి చూసింది లేదు.

పూతలపట్టు దారిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
నేల బ్యాంకుకు పోయింది.
మిషన్లు కృష్ణగిరి పళనియప్పన్‌కు.
కదిలేవైతే మామూలు బిల్లు చాలంట.
కదలనివైతే స్టాంపులు, రిజిస్ట్రీ,
లక్షల్లో తేడా.
రెండు దినాలుగా ఇద్దరు వకీళ్లు
ఒకే పుస్తకంలో వేరువేరు పేజీలు చదువుతా ఉండారు.

దొరస్వామి వకీలు అడిగినాడు:
"నేలకు నాటినారా, ఊరికే ఆనించినారా?"

నాటినాను సామీ.
మూడడుగుల గుంత, కంకర, సిమెంటు.
నా బొటనవేలంత లావు బోల్టులు,
పల్పరుకు ఎనిమిది.
కాంక్రీటు తడి ఆరకముందే మా మేస్త్రి
అందులో ఒక నిమ్మకాయ, ఒక రూపాయి బిళ్ళ వేసినాడు.

"అయితే స్థిరాస్తే," అన్నాడు సబ్ రిజిస్ట్రారు
గడియారం చూసుకుంటా.

ఆగండి సారూ.
బోల్టు ఎందుకేస్తామో అడగండి ముందు.
తెలీనితనాన ఒకసారి
బిగించకుండానే తిప్పి చూసినాం.
పల్పరు లేచి నడిచింది!
గడగడా వణుకుతా
బెంగుళూరా కాయల కుప్ప దాకా పోయింది
తాడు తెంచుకున్న పెయ్యదూడ మాదిరి.
మునిలక్ష్మి కత్తి పారేసి గోడెక్కింది.
ఆ బోల్టు షెడ్డు బాగు కోసం కాదు,
నేల బాగు కోసమూ కాదు,
అది నిలబడి పని చెయ్యాలని.
గూటానికి ఎద్దును కడతాం గానీ
కొండను ఎవరన్నా కడతారా?
కదిలేదాన్నే గదా కట్టేసేది.

రేకుల కింద కాసేపు ఎవురూ మాట్లాడలా.
దొరస్వామి వకీలు పుస్తకం మూసినాడు,
వేలు మాత్రం పేజీలోనే పెట్టుకోని.
రెండో వకీలు దగ్గినాడు.
"మరి బాయిలరు?"

బాయిలరు సంగతి వేరే.
దాని చుట్టూ ఇటికెగోడ లేపినాం.
పొగగొట్టాన్ని గోడ మోస్తా ఉందో
గోడను పొగగొట్టం మోస్తా ఉందో
కట్టిన నాకే తెలీదు.
దాన్ని తియ్యాలంటే షెడ్డు పడగొట్టాల.
అది కదలదు సారూ,
అబద్ధం చెప్పను.

పళనియప్పన్ మొగం చిన్నబోయింది.
హనీఫ్ సాహెబు కాయితం నడిమధ్య గీత గీసినాడు.
ఇటు పక్క పల్పర్లు మూడు,
డబ్బాలకు మూతలేసే మిషను, బెల్టు, మోటార్లు పదకొండు.
అటు పక్క బాయిలరు ఒక్కటే,
సంతలో బేరం తెగని గొడ్డు మాదిరి.

గేటుకాడ మునిలక్ష్మి కాసుకోనుంది.
"అన్నా, మా మూడు నెల్ల కూలి
ఏ పక్క రాసినారు?"
మళ్ళీ లోపలికి పొయ్యి
కాయితం రెండు పక్కలా చదివించుకోనొచ్చినా.
ఏం చెప్పేది ఆయమ్మకు.

శుక్రవారం క్రేను వచ్చింది.
స్పానరుకు నట్టు తిరగలా.
మామిడిరసం, ఆవిరి, తుప్పు
ఇన్నేండ్లుగా కలిసి బిగించినాయి,
నాకంటే గట్టిగా.
గ్యాసుతో కోసినా.
ఎనిమిదో బోల్టు తెగినప్పుడు
పల్పరు ఒక్క నూలు పైకి లేచింది,
ఊపిరి పీల్చినట్ల.
కింద పునాదిలో
రూపాయి బిళ్ళ యాడుందో కనపడలా.
అది బ్యాంకుదా, పళనియప్పన్‌దా,
మా మేస్త్రిదా,
వకీలును అడగాల్సింది. మరిచిపోయినా.

తాళ్ళు బిగించినాక పళనియప్పన్
అరవంలో మెల్లిగా అన్నాడు:
నువ్వూ వచ్చి నాటిచ్చి పో, పది దినాలు.
లిస్టులో నా పేరు లేదు గదా అన్నా.
నవ్వి, లారీ తలుపు తీసినాడు.

వెనకనే ఎక్కినా, మిషను పక్కన.
గుడిపాల దాటేదాకా
ఒక చెయ్యి దాని మిందనే పెట్టుకోని కూర్చున్నా.
రోడ్డులో గుంత వచ్చినప్పుడంతా
అది అంగుళం జరిగింది,
నేనూ జరిగినా.