ఇరవై నాలుగు గంటల నొప్పి

సీసా మీద పేరు నేనే రాస్తా.
ఉరుకుందు. ఇరవై ఆరు. బేతంచెర్ల.
లోపల ఫార్మలిన్‌లో
చిటికెన వేలంత పేగు తునక.

ఉండుకం అంటారంట పుస్తకాల్లో.
కర్నూలు పెద్దాసుపత్రిలో పద్దెనిమిదేండ్లుగా
ఆ మాట ఎవరి నోటా వినలేదు నేను.
వరండాలో బొంతలు పరుచుకున్నోళ్లంతా
ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు.
గంటల్లో తేలిపోయే లెక్క:
కోసినారా, బతికె.

నా చేతికొచ్చేసరికి నొప్పి ఉండదు.
మైనంలో గడ్డ కట్టించి
ఉల్లిపొర కన్నా పల్చగా కోసి
గోరువెచ్చని నీళ్ల మీద వదుల్తా.
ముడత పడకుండా గాజుపలక మీదికి ఎత్తుకుంటా.

ఎక్కువసార్లు ఏముంటాది?
రాయైన మలం, చీము.
ఒగోసారి హాస్టలు పిల్లోల్లకి
నులిపురుగు అడ్డంగా తెగి కనపడతాది,
రెండు పక్కలా ముల్లు మొలిచినట్టు.
ఆ పొద్దు అన్నం ముందర
చేతులు రెండుసార్లు కడుగుతా.

ఉరుకుందు పలకను మేడమ్ చానాసేపు చూసె.
"షంషాద్, ఇంగో రంగు వెయ్యి" అనె.
వేస్తి.
నీలం మీద ఎర్రగా, తెగిన వెంట్రుకల మాదిరి,
రెండే రెండు.
క్షయ.

అది రొమ్ములో కదా కాపురం పెట్టేది?
నాపరాయి పాలిష్ దుమ్ములో
ఎన్ని నెలలు దగ్గినాడో,
ఉమ్మేదానికి గూడా మిషన్ వదలనియ్యని చోట
ఎన్నిసార్లు మింగినాడో.
ఇరవై నాలుగు గంటలంట!

కుట్లిప్పించుకోని ఎప్పుడో పోయినాడు.
కేసుషీట్లో నంబరుకు చేస్తే
ఆళ్లగడ్డలో కోళ్లమ్మే ఆయన ఎత్తె.
రాంగ్ నంబరక్కా అనె.
సాయంత్రం ఆయనే మళ్లా చేసి
"ఆ పిల్లోడు దొరికినాడా?" అనె.

ఆదివారం బస్సెక్కితి.
నాలుగో ఫ్యాక్టరీలో
కనురెప్పల దాకా తెల్లగా ఉన్నాడు.
"నయమైపాయ గదక్కా" అని
చొక్కా ఎత్తి కోత గీత చూపించె.
నవ్వు సగంలో దగ్గు.

ఆర్నెల్ల మాత్రలని చెప్పల్ల.
ఇంట్లో చంటిబిడ్డుందా అని అడగల్ల.
మిషన్లు ఆపరు.
పక్కనోళ్లు వింటాండారు.
అరిచి చెప్పే మాట కాదది.

దుమ్ము చెయ్యి పట్టుకోని
బయట ఎండలోకి నడిపిస్తి.