మిగిలిన వాషరు

గుణుపురంలో వంశధార వంతెన దాటాక
దండాసి బెహరా షెడ్డు.
వాన తెరిపివ్వని మధ్యాహ్నం
జాకీల మీద లేచి నిలబడ్డ పాత జీపు,
దాని కింద గోనెసంచి మీద నేను.

నాకు బండి లేదు.
అమ్మ కుట్టుమిషను విప్పాను, మిక్సీ విప్పాను.
సీలింగు ఫ్యాను విప్పి బిగించాక
ఒక వాషరు మిగిలింది. ఇప్పటికీ జేబులోనే ఉంది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
అదే నా దిగులు.

"డిఫరెన్షియల్ సూస్తావేటి?" అన్నాడు దండాసి.
సగం తెలుగు, సగం ఒడియా, మిగతాది గ్రీజు.
మూత తీస్తే నల్లటి నూనెలో
నాలుగు పళ్లచక్రాలు,
దోసిట్లో పట్టేంత.

గేరులో ఉంచి ఎడమ చక్రం తిప్పమన్నాడు.
తిప్పాను.
కుడిది వెనక్కి తిరిగింది.
మళ్లీ తిప్పాను. మళ్లీ వెనక్కే.

"ఘాటీ మలుపులో లోపలి చక్రానికి దారి తక్కువ,
బయటిదానికి ఎక్కువ.
రెండూ ఒక్కలాగే తిరుగుతామంటే
ఇరుసు ఇరిగిపోద్ది బాబూ. అందుకని ఎవరో ఒకలు..."
మాట అక్కడే వదిలి
స్పానరు వెతుక్కున్నాడు.

సాయంత్రం రాయగడ బస్సులో
వెనక చక్రం మీది సీటు, ఎడమ కిటికీ.
కాళ్ల కింద కనిపించని ఆ నాలుగింటికీ
చెవి ఒగ్గి కూర్చున్నాను.
పక్కాయన నిద్రలో నా భుజమ్మీదికి ఒరిగాడు.
కుడి మలుపన్నమాట.