అరచెయ్యి

మూడు దినాలాయె, పొద్దుగాల్ల లేవనంటది బండి.
పగటీలి మంచిగనే ఉరుకుతది,
బాలానగర్ కార్తీకం సలికి మాత్రం
ముసలి గొర్రె లెక్క దగ్గి పండుకుంటది.

మిలిటరీ వేలంపాటల కొన్న పెట్రోలు నిస్సాన్.
ఎనక తొంభై గంపల సీతాఫలాలు,
ఒక్కో కాయ కన్ను విచ్చుకుంటున్నది.
మెత్తబడితే
గంపల పరిచిన గడ్డి పైసలు గూడ రావు.

గౌసొద్దీన్ మామ మఫ్లర్ ఇప్పలే, పానా ముట్టలే.
"ఎండెక్కినంక స్టార్ట్ అయితదా?"
"అయితది."
"గట్లయితే బ్యాటరీని తిట్టకు."

ప్లగ్గు ఊడదీసి ముక్కుకాడ వెట్టిండు: పొడి, వాసన లేదు.
ఇనుముకు ఆనిచ్చి తిప్పుమన్నడు: టప్పున నీలం మెరుపు.
కార్బురేటర్ గొంతుల టార్చి గొట్టి
పెడలు తొక్కుమన్నడు: సన్నటి ధార.
"నిప్పున్నది, పెట్రోలున్నది.
గాలే ఎక్కువ మింగుతున్నది, పిచ్చిది."

అరచెయ్యి వెట్టి దాని మూతి మూసిండు.
తిప్పిన.
చెయ్యిని లోపలికి గుంజి
రెండు దగ్గులు దగ్గింది, నల్లపొగ,
ఆ ఎనక
గంపలన్నీ ఒక్కపారే కదిలినయ్.

"నా చెయ్యి చేసింది చోక్ రేకు పని.
దాన్ని గిట్ల ఎవరు కట్టేసిండ్రు?"

రాగితీగ. మూడు సుట్లు.
ఎండకాలంల రేకు ఇరుక్కుంటున్నది,
పెట్రోలు మస్తు తాగుతున్నదని
నేనే కట్టిన. మర్శిన.

ఏం జెప్పలే నేను.
మామ ఏం అడగలే.
తీగ తెంపి నా అంగి జేబుల ఏసిండు.
పైసలు వద్దన్నడు,
గంపలకెల్లి ఒక కాయ తీసి
పెట్రోలు కంపు కొట్టే ఆ చేత్తోనే నొక్కి చూసి
"ఇంకో పూట ఆగుతది, పో" అన్నడు.