సొట్ట డబ్బా

కుందేలుకి ఏప్రాను కట్టింది నేనే.
దాని చెవులకి సరైన బూడిదరంగు దొరకడానికి
మూడు వారాలు పట్టింది.
పన్నెండు పేజీల పుస్తకం.
నైరోబీ ఆఫీసులో పెద్దవాళ్ళు రాసిచ్చిన నీతి ఒక్కటే:
సరుకు తగ్గితే ధర పెరుగును.

ఎంబిటా రేవు పక్కన రేకుల బడి.
రెండో తరగతి. బెంచీకి ఐదుగురు.
అపోండి టీచరు నా బొమ్మల్ని ఎత్తి పట్టుకుని
గొంతులు మారుస్తూ చదువుతోంది.
కుందేలుది సన్నగా, బేరమాడే దుమ్ములగొండిది
అప్పుడే నిద్రలేచిన మొగుడి గొంతులా.

నాలుగో పేజీ దగ్గర పిల్లలు నవ్వారు.
నవ్వే చోటు కాదది.
సరస్సు మీద నిండు చందమామ,
కింద ఒమేన చేపలతో పొంగిపొర్లే పడవ.
ప్రాణం పెట్టి వేశాను ఆ బొమ్మ.

"పున్నమికి ఒమేన పడదు" అన్నాడొకడు,
పాపం ఇతనికెవరూ చెప్పలేదా అన్నట్టు చూస్తూ.
చీకటి రాత్రుళ్ళే దీపం చుట్టూ మూగుతాయట
వేలెడంత కూడా లేని ఆ వెండి చేపలు.
ఆకాశమే వెలిగిపోతుంటే
పడవలో లాంతరు మొహం ఎవరు చూస్తారు?

టీచరు సర్దుకుంది.
"సరే, పున్నమి వారం చేపలు తక్కువ.
మరి ధర ఏమవుతుంది?"
జవాబు ఆరో పేజీలో తయారుగా ఉంది.

"ఏమీ అవదు."
కిటికీ పక్కన అకెలో, మోకాలి మీద ఎండిన బురద.
"డబ్బా యాభై షిల్లింగులే. ఎప్పుడూ యాభైయే.
అమ్మ డబ్బాని బోర్లించి
అడుగుని రాయితో లోపలికి కొడుతుంది."

ఎవరూ నవ్వలేదు.
ఆ తల్లి దగ్గర చేపలు కొనే ఇళ్ళు
సగం ఆ బెంచీల మీదే కూర్చుని ఉన్నాయి.
టీచరిల్లు కూడా.
అకెలో తల దించుకుని
బెంచీ మీది గీతని గోటితో ఇంకా లోతు చేస్తోంది.

"మరి చందమామ తగ్గాక?"
అపోండి అడిగింది, కుందేలు గొంతుతోనే.

"లోపల్నించి కొడుతుంది. సొట్ట పోతుంది."
కాసేపాగి,
"మొత్తం పోదు."

మొత్తం పోదు.
ఇంత చిన్న మాట
ఆఫీసులో ఎవరూ రాసివ్వలేదు నాకు.

సాయంత్రం రేవుకి వెళ్ళాను.
పట్టా మీద ఎండుచేపల గుట్ట, వెనక ఆమె.
డబ్బా అడుగు చూడకూడదనుకున్నాను.
చూశాను.
యాభై ఇచ్చాను.
కొలిచింది, అరచేత్తో పైన సమంగా రాసింది,
సంచిలో పోసింది.
నేను మూతి ముడి వేయబోతుంటే
ఆగమని, గుప్పెడు తీసి మళ్ళీ వేసింది.
కొసరు.
నేను అడగలేదు.

రాత్రి లాడ్జిలో నాలుగో పేజీ తీసి
చందమామ మీద నల్లరంగు పూశాను,
రెండు పూతలు.
ఆరో పేజీ ముందు కుంచె ఆరిపోయిందాకా కూర్చున్నాను.
బల్ల మీద సంచి, గదినిండా నీచువాసన.
ఆ గుప్పెడు సరిగ్గా సొట్టంత ఉంటుందా,
ఎక్కువుంటుందా?
కొలవడానికి నా దగ్గర డబ్బా లేదు.